గెరెవిచ్, ఆలదార్ (1910–1991)

ఆలదార్ గెరెవిచ్ హంగేరీ దేశపు ఫెన్సింగ్ క్రీడాకారుడు. 1932 లాస్ ఏంజెలస్ నుంచి 1960 రోమ్ దాకా జరిగిన ఆరు ఒలింపిక్స్‌లోనూ సేబర్ జట్టు పోటీలో స్వర్ణం గెలిచాడు. మొదటి స్వర్ణం నాటికి అతనికి ఇరవై రెండేళ్లు, ఆఖరిదాని నాటికి యాభై. 1948లో గెలిచిన వ్యక్తిగత స్వర్ణం, 1952లో వచ్చిన వ్యక్తిగత రజతం, మరో రెండు కాంస్యాలు కలుపుకుంటే మొత్తం పది ఒలింపిక్ పతకాలు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. అప్పటికి గెరెవిచ్ ముప్ఫై, ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఉన్నాడు. ఏ ఆటగాడికైనా పదును మీదుండే రోజులవి.

ఈ లెక్క చూసినవారు సాధారణంగా అతని సుదీర్ఘ క్రీడాజీవితాన్నే పొగుడుతారు. అది న్యాయమే గానీ సగం మాట. ఆరు స్వర్ణాలూ జట్టు స్వర్ణాలు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో జట్టులోని మనుషులు దాదాపు అందరూ మారిపోయారు. కొందరు వయసు మీరి తప్పుకున్నారు, కొందరు యుద్ధంలో చనిపోయారు, కొందరు దేశం విడిచి వెళ్లారు. ఆరుసార్లూ జట్టులో ఉన్నవాడు గెరెవిచ్ ఒక్కడే. అతని జీవితాన్ని చెప్పడమంటే ఒక కత్తిసాము బాణీ ఎలా పుట్టి, ఎలా నిలిచి, ఎలా చెదిరిందో చెప్పడమే.

సేబర్ పోటీ తీరు

ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలు ఉంటాయి: ఫాయిల్, ఎపీ, సేబర్. మొదటి రెండింటిలో కత్తి మొనతో పొడిస్తేనే పాయింటు. సేబర్‌లో పోటుతో పాటు వేటు కూడా చెల్లుతుంది. అంచుతో కొట్టినా, మొనతో పొడిచినా పాయింటే. అశ్వికదళపు వంపు కత్తి దీనికి మూలం. నడుముకు పైభాగమంతా, తల, చేతులతో సహా, గురి కిందికి వస్తుంది. గుర్రం మీదున్నవాడికి అంతే అందుతుంది కాబట్టి ఈ నియమం వచ్చిందని ఒక వివరణ వాడుకలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ చరిత్రకారులు దాన్ని అంతగా నమ్మరు.

క్రీడా సేబర్ బరువు అర కిలోకు మించదు, మొత్తం పొడవు 105 సెంటీమీటర్లకు దాటదు. పద్నాలుగు మీటర్ల పొడవైన సన్నని బాట మీద ఇద్దరు తలపడతారు. ఇద్దరి వేట్లూ ఒకేసారి తగిలితే పాయింటు ఎవరిదన్నది ‘ముందు హక్కు’ అనే సూత్రం తేలుస్తుంది. దాడి ముందు మొదలుపెట్టినవాడికి హక్కు. అవతలివాడు ఆ వేటును కత్తితో కాచుకుంటే హక్కు అతనికి మారుతుంది, అప్పుడు అతని ఎదురువేటు చెల్లుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

గెరెవిచ్ కాలంలో ఈ రెప్పపాటును మనుషుల కళ్లే పట్టుకోవాలి. బాటకు ఇటూ అటూ నలుగురు పక్క న్యాయనిర్ణేతలు నిలబడేవారు. ఒక్కో ఆటగాడికి దెబ్బ తగిలిందా లేదా అని చూడడం ఇద్దరేసి పని. మధ్యలో ఉండే అధ్యక్షుడు జరిగిన కదలికల వరుస చెప్పి, ఓట్లు అడిగేవాడు. పక్కవారి ఓటు ఒకటి, అధ్యక్షుడి ఓటు ఒకటిన్నర. అంటే పక్కవారిద్దరూ ఒకే మాట మీదుంటే అధ్యక్షుడి మాట చెల్లదు; వారిలో ఒకరు తటపటాయిస్తే అధ్యక్షుడిదే తీర్పు. ఎపీకి 1936 ఒలింపిక్స్ నాటికి, ఫాయిల్‌కు 1956 నాటికి విద్యుత్ యంత్రాలు వచ్చాయి. మొన తగిలితే దీపం వెలుగుతుంది, వాదం ఉండదు. అంచు వేటును పట్టే యంత్రం అంత సులభంగా దొరకలేదు. అందుకే గెరెవిచ్ ఆడినంత కాలం సేబర్ కంటిచూపు తీర్పు మీదే నడిచింది. తగిలించడం ఒక్కటే చాలదు, తగిలినట్టు న్యాయనిర్ణేతలకు స్పష్టంగా కనిపించాలి. కదలికలో శుభ్రత, దూరం అంచనా, అవతలివాడి లయను పసిగట్టడం, ఇవన్నీ కాళ్ల వేగం కన్నా ఎక్కువ కాలం నిలిచే విద్యలు. ఐదు పదుల వయసులో గెలవడం వెనుక ఈ సంగతి కూడా ఉంది.

అప్పట్లో జట్టు పోటీలో ఒక్కో వైపు నలుగురు ఉండేవారు. ప్రతివాడూ అవతలి నలుగురితోనూ ఐదేసి పాయింట్ల ఆట ఆడాల్సి వచ్చేది, అంటే పదహారు ఆటలు. ఒక్కడు ఎంత గొప్పవాడైనా గెలిపించగలిగేది నాలుగు ఆటలే.

స్త్రీలకు ఒలింపిక్స్‌లో సేబర్ 2004 దాకా రాలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొని, భారత్ తరఫున ఒలింపిక్ బాట ఎక్కిన తొలి ఫెన్సర్‌గా పేరు తెచ్చుకున్న చెన్నై క్రీడాకారిణి భవానీదేవి ఆడింది ఈ విభాగంలోనే. తెలుగు పాఠకుల్లో చాలామంది సేబర్ అన్న మాట మొదట విన్నది అప్పుడే.

హంగేరీ బాణీ

హంగేరీలో వంపు కత్తి పాతదే. హుస్సార్ రౌతుల ఆయుధం అది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా, ఆ తర్వాత కూడా, సైనికాధికారులు, పత్రికాకర్తలు, రాజకీయవేత్తలు పరువు తగాదాలను సేబర్‌తో తీర్చుకునే అలవాటు ఆ దేశంలో ఉండేది. చట్టం ఒప్పుకోకపోయినా సమాజం ఒప్పుకునేది. కాబట్టి కత్తి నేర్పే గురువులకు, గరిడీలకు కరువు లేదు. ఐతే అది పోట్లాట విద్య. క్రీడగా దానికి ఒక పద్ధతి ఇచ్చినవాడు ఇటలీ దేశస్థుడు.

ఇతాలో సాంతెల్లి 1896లో బుడాపెస్ట్ వచ్చాడు. హంగేరీ రాజ్యం వెయ్యేళ్ల పండుగ చేసుకుంటున్న ఏడాది అది. వచ్చినవాడు అక్కడే స్థిరపడి, 1945లో చనిపోయేదాకా హంగేరీ కుర్రాళ్లకు పాఠం చెప్పాడు. ఇటలీవారి తేలికపాటి సేబర్‌నూ వేగాన్నీ తెచ్చి హంగేరీవారి పట్టుకు జోడించాడు. మోచేయి, భుజం తిప్పి కొట్టే పెద్ద వేటుకు బదులు వేళ్లతో, మణికట్టుతో నడిపే చిన్న వేటు వచ్చింది. కుడివైపు, ఎడమవైపు, తల, ఈ మూడు చోట్లా కాచుకునే మూడు స్థానాలు రక్షణకు పునాది అయ్యాయి. వాటి నుంచి ఎదురువేటుకు దారి దగ్గర. ఇతని తర్వాత లాస్లో బొర్షోది అనే సైనిక గురువు ఈ విద్యను మరింత క్రమబద్ధం చేశాడు. అడుగు, చేయి, దూరం ఒకదానితో ఒకటి ఎలా కలవాలో మెట్లుమెట్లుగా అభ్యాసంలో పెట్టాడు.

ఆ రోజుల్లో క్రీడకూ ద్వంద్వయుద్ధానికీ మధ్య గీత ఎంత పల్చనిదో 1924 పారిస్ ఒలింపిక్స్ చెబుతుంది. ఇటలీ ఆటగాళ్లు తమవాడైన ఒరెస్తె పులితీకి కావాలని ఓడిపోతున్నారని హంగేరీ న్యాయనిర్ణేత ఆరోపించాడు. గొడవ పెరిగింది, పులితీని పోటీ నుంచి తప్పించారు. తర్వాత ఆ న్యాయనిర్ణేతా పులితీ నిజం కత్తులతోనే తలపడ్డారు. అదే గొడవలో సాంతెల్లి పరువు మీద మాట పడితే, వృద్ధుడైన తండ్రి బదులు కొడుకు జోర్జో ఒక ఇటలీ పత్రికాకర్తతో కత్తి కలిపాడు. గెరెవిచ్‌కు అప్పుడు పద్నాలుగేళ్లు.

ఫలితాల వరస చూస్తే ఈ బాణీ బలం తెలుస్తుంది. 1908 నుంచి 1964 దాకా హంగేరీ పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ వ్యక్తిగత సేబర్ స్వర్ణం ఆ దేశానిదే. మధ్యలో తప్పింది 1920 ఒక్కటే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన దేశమని ఆ ఏడాది పిలుపే రాలేదు. అదే ఏడాది కుదిరిన ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ తన నేలలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. కుంచించుకుపోయిన దేశానికి సేబర్ ఒక ఓదార్పు అయ్యింది. గెలుపు అనేది ఆటగాడి ఇష్టం కాక బాధ్యతగా మారింది.

తొలి రెండు స్వర్ణాలు

గెరెవిచ్ 1910 మార్చి 16న యాస్‌బెరేన్ పట్టణంలో పుట్టాడు. అది అప్పటికి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో భాగం. బుడాపెస్ట్‌లో సాంతెల్లి బాణీ నడుస్తున్న రోజుల్లో జాతీయ స్థాయికి చేరి, ఇరవయ్యేళ్ల వయసు దాటిన కొద్దికాలానికే జట్టులోకి వచ్చాడు.

1932లో లాస్ ఏంజెలస్ వెళ్లిన హంగేరీ జట్టులో జ్యోర్జ్ పిల్లర్, ఎండ్రె కాబోష్, ఆతిల్లా పెత్‌షావర్, ఎర్నో నాజ్, జ్యూలా గ్లికాయిష్ ఉన్నారు. వీరి మధ్య గెరెవిచ్ కుర్రవాడు. పెత్‌షావర్ అప్పటికే 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చుకున్న పేరున్న ఆటగాడు. జట్టు పోటీలో హంగేరీ మొదట నిలిచింది, ఇటలీ రెండోది, పోలండ్ మూడోది. వ్యక్తిగత స్వర్ణం పిల్లర్‌ది, కాంస్యం కాబోష్‌ది. గెరెవిచ్‌కు ఆ ఏడాది జట్టు పతకం ఒక్కటే. ఐతే పిల్లర్‌తో ఏర్పడిన ఈ సాంగత్యం తర్వాత చాలా ఏళ్లు నడిచింది. అతడే యుద్ధం తర్వాత హంగేరీ సేబర్ జట్టుకు శిక్షకుడయ్యాడు.

1935లో లోజాన్‌లో గెరెవిచ్ వ్యక్తిగత సేబర్ విజేత అయ్యాడు. అప్పట్లో ఆ పోటీలను ఐరోపా ఛాంపియన్‌షిప్ అనేవారు. 1937 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అన్న పేరు వచ్చింది, పాత విజేతలను కూడా తర్వాత ప్రపంచ విజేతలుగానే లెక్కించారు.

1936 బెర్లిన్‌లో జట్టు స్వర్ణం మళ్లీ హంగేరీదే. ఇటలీ, జర్మనీ తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. వ్యక్తిగత పోటీలో కాబోష్ స్వర్ణం, ఇటలీకి చెందిన గుస్తావో మార్జీ రజతం, గెరెవిచ్ కాంస్యం గెలిచారు. కాబోష్ యూదుడు. హిట్లర్ రాజధానిలో అతను స్వర్ణం గెలవడం గురించి తర్వాతి కాలంలో చాలా రాశారు. ఆ జట్టులోకి కొత్తగా వచ్చినవారిలో పాల్ కొవాచ్, తిబోర్ బెర్‌చెల్లి, లాస్లో రాయ్‌చాని ఉన్నారు. వీరిలో మొదటి ఇద్దరి పేర్లు ముందుముందు మళ్లీ వస్తాయి.

యుద్ధం తీసుకుపోయినవారు

బెర్లిన్‌కూ లండన్‌కూ మధ్య పన్నెండేళ్ల ఎడం. హంగేరీ జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. యూదులపై చట్టాలు వచ్చాయి, పాత పతకాలు ఎవరినీ కాపాడలేదు. యూదుల నిర్బంధ శ్రామిక దళంలో తూర్పు యుద్ధరంగానికి తరలించిన పెత్‌షావర్ 1943లో అక్కడే హింసల పాలై చనిపోయాడు. కాబోష్ 1944 నవంబరు 4న బుడాపెస్ట్‌లోని మార్గరెట్ వంతెన మీద ఉండగా, వంతెనకు అమర్చిన పేలుడు పదార్థాలు పేలడంతో మరణించాడు. పాత తరం స్వర్ణ విజేతలు ఓస్కార్ గెర్దె, యానోష్ గారాయ్ మౌట్‌హౌజన్ నాజీ శిబిరంలో అంతమయ్యారు. ఇష్ట్వాన్ సాబో 1999లో తీసిన ‘సన్‌షైన్’ చిత్రంలోని ఫెన్సర్ పాత్రకు పెత్‌షావర్ జీవితమే చాలావరకు ఆధారం.

1932 జట్టులో గెరెవిచ్ పక్కన నిలబడ్డ ఐదుగురిలో ఇద్దరు ఈ తీరున పోయారు. 1948లో లండన్ చేరిన జట్టుకు పైకి కనిపించని ఖాళీలు ఇవి. పతకాల పట్టికలో మాత్రం బెర్లిన్ తర్వాతి గడిలోనే లండన్ ఉంటుంది, ఏమీ జరగనట్టు.

లండన్, హెల్సింకీ

1948 ఒలింపిక్స్ ఫెన్సింగ్ పోటీలు వెంబ్లీలోని ఇంజనీరింగ్ ప్యాలెస్‌లో జరిగాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల గెరెవిచ్‌కు అదే వ్యక్తిగతంగా అత్యున్నత ఘట్టం. స్వర్ణం అతనిది, రజతం ఇటలీ ఆటగాడు విన్చెంజో పింతోన్‌ది, కాంస్యం పాల్ కొవాచ్‌ది. జట్టు పోటీలో హంగేరీ, ఇటలీ, అమెరికా వరసగా మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. ఈ జట్టులోకి రుడోల్ఫ్ కార్పాతి కొత్తగా వచ్చాడు. సంగీతం చదువుకున్న మనిషి. తర్వాతి పన్నెండేళ్లలో అతను మొత్తం ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు.

1951లో స్టాక్‌హోమ్‌లో గెరెవిచ్ రెండోసారి వ్యక్తిగత ప్రపంచ విజేత అయ్యాడు. 1935కూ 1951కీ మధ్య పదహారేళ్లు.

1952 హెల్సింకీ హంగేరీ సేబర్‌కు నిండు పంట. కొవాచ్ స్వర్ణం, గెరెవిచ్ రజతం, బెర్‌చెల్లి కాంస్యం, పీఠం మీద ముగ్గురూ ఒకే దేశంవారు. ముగ్గురూ 1936 జట్టులోనివారే, ముగ్గురికీ నలభై దగ్గరో పైబడో వయసు. కుర్రాళ్ల ఆటగా అనిపించే సేబర్‌లో ఇది జరిగింది. జట్టు స్వర్ణం సరేసరి. దాంతో పాటు ఫాయిల్ జట్టులో కూడా ఆడి గెరెవిచ్ కాంస్యం తెచ్చుకున్నాడు. ఫాయిల్ వేరే ఆయుధం. పోటు ఒక్కటే చెల్లుతుంది, గురి మొండెం మాత్రమే. రెండు ఆయుధాలతో ఒలింపిక్ పతకం గెలిచినవారు ఆ తరంలో ఉన్నారు గానీ, సేబర్ నిపుణుడు ఫాయిల్‌లో పతకం స్థాయికి ఎక్కడం అరుదు. ఆ ఒలింపిక్స్‌లో హంగేరీ మొత్తం పదహారు స్వర్ణాలతో పతకాల పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గెరెవిచ్ తొలి రెండు స్వర్ణాలు రాజు లేని రాజ్యం తరఫున వచ్చినవి. అప్పుడు హంగేరీకి పేరు రాజ్యమే గానీ పాలించింది సింహాసన రక్షకుడు హోర్తీ. మూడోది యుద్ధం తర్వాత ఏర్పడి నిండా మూడేళ్లు నిలిచిన గణతంత్రానిది. తర్వాతివి కమ్యూనిస్టు ప్రజా గణతంత్రానివి. పాలకులందరికీ సేబర్ స్వర్ణం కావాలి. ఆటగాళ్లకు దొరికిన రక్షణా ఒత్తిడీ రెండూ అక్కడి నుంచే.

మెల్‌బోర్న్, 1956

1955లో రోమ్‌లో నలభై అయిదేళ్ల వయసులో గెరెవిచ్ మూడోసారి వ్యక్తిగత ప్రపంచ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది ఒలింపిక్స్ ఆస్ట్రేలియాలో, నవంబరు 22 నుంచి. అంతకు నెల రోజుల ముందు, అక్టోబరు 23న, బుడాపెస్ట్ వీధుల్లో తిరుగుబాటు మొదలైంది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు నగరంలోకి దిగి దాన్ని అణచివేశాయి. ఇంట్లోవాళ్ల క్షేమం తెలియని ఆందోళనతోనే ఆటగాళ్లు మెల్‌బోర్న్‌లో పోటీకి దిగారు. హంగేరీ, సోవియట్ జట్ల వాటర్ పోలో పోటీలో రక్తం కారిన దృశ్యమే ఆ ఒలింపిక్స్ గురించి ఎక్కువగా గుర్తుండిపోయింది.

సెయింట్ కిల్డా టౌన్‌హాల్‌లో జరిగిన ఫెన్సింగ్‌లో అంత గలాటా లేదు. కార్పాతి వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. రజతం పోలండ్ ఆటగాడు యెజీ పావ్‌లోవ్‌స్కీకి, కాంస్యం సోవియట్ ఆటగాడు లెవ్ కుజ్నెత్సోవ్‌కు దక్కాయి. మొదటి మూడు స్థానాల్లో గెరెవిచ్ లేడు. జట్టు పోటీలో హంగేరీ స్వర్ణం, పోలండ్ రజతం, సోవియట్ యూనియన్ కాంస్యం. ఇంతకాలం పోటీ అంటే ఇటలీతోనే; ఇప్పుడు తూర్పు నుంచి రెండు కొత్త శక్తులు పైకి వచ్చాయి. ఆ రెండూ హంగేరీ బాణీని చూసి నేర్చుకున్నవే, పోలండ్‌కు పాఠం చెప్పినవారిలో హంగేరీ గురువులున్నారు.

అసలు నష్టం పోటీ ముగిశాక జరిగింది. స్వర్ణం గెలిచిన ఆరుగురిలో ముగ్గురు, అంటే ఆతిల్లా కెరెస్తెష్, యెనో హామోరి, డానియెల్ మాగాయ్, స్వదేశం వెళ్లకుండా అమెరికా దారి పట్టారు. 1932 నాటి సహచరుడు, శిక్షకుడు పిల్లర్ కూడా అమెరికా చేరి, 1960లో అక్కడే కన్నుమూశాడు. తిరిగి వచ్చిన ముగ్గురు గెరెవిచ్, కొవాచ్, కార్పాతి. పెద్దవాళ్లు మిగిలారు, కుర్రవాళ్లు వెళ్లిపోయారు. హంగేరీ సేబర్ బలహీనత ఆ రోజు మొదలైందని చెప్పవచ్చు. తెలియడానికి మాత్రం ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

రోమ్, 1960

రోమ్ ఒలింపిక్స్ నాటికి గెరెవిచ్‌కు యాభై నిండాయి. వయసు మించిపోయిందని హంగేరీ ఫెన్సింగ్ పెద్దలు అతన్ని పక్కన పెట్టబోయారని, అప్పుడతను జట్టులోని సేబర్ ఆటగాళ్లందరినీ ఒక్కొక్కరినే పోటీకి పిలిచి, అందరినీ ఓడించి చోటు దక్కించుకున్నాడని ఒక కథ ఉంది. గెరెవిచ్ పేరెత్తిన ప్రతిచోటా ఇది వినిపిస్తుంది. నోళ్లలో నలిగి కొంత మెరుగు పట్టి ఉండవచ్చు. అయినా దానిలో అసాధ్యమేమీ లేదు: అతను అయిదేళ్ల కిందటే ప్రపంచ విజేత, జట్టులో సగం మంది అతన్ని చూసి నేర్చుకున్నవారు.

జట్టులో అతనితో పాటు కొవాచ్, కార్పాతి, జోల్తాన్ హొర్వాత్, గాబోర్ డెల్నెకి, తమాష్ మెండెలేని ఉన్నారు. వ్యక్తిగత పోటీలో కార్పాతి స్వర్ణం నిలబెట్టుకున్నాడు, హొర్వాత్ రజతం గెలిచాడు. జట్టు స్వర్ణం హంగేరీది, రజతం పోలండ్‌ది, కాంస్యం ఆతిథ్య దేశం ఇటలీది. గెరెవిచ్ ఆరో స్వర్ణం ఇది. నలభై ఎనిమిదేళ్ల కొవాచ్‌కు ఇది జట్టులో అయిదోది. 1952 నాటి వ్యక్తిగత స్వర్ణంతో అతనికీ ఆరు.

నాలుగేళ్ల తర్వాత టోక్యోలో గెరెవిచ్, కొవాచ్, కార్పాతి లేరు. తిబోర్ పేజా వ్యక్తిగత స్వర్ణం గెలిచినా, జట్టు స్వర్ణం సోవియట్ యూనియన్‌కు పోయింది. హంగేరీ ఆ స్వర్ణాన్ని మళ్లీ చూసింది 1988 సియోల్‌లో. అంటే గెరెవిచ్ తొలి స్వర్ణానికీ చివరి స్వర్ణానికీ ఉన్న ఎడమే, అతని చివరి స్వర్ణానికీ దేశపు తర్వాతి స్వర్ణానికీ ఉంది: ఇరవై ఎనిమిదేళ్లు.

రికార్డుల్లో స్థానం

ఒకే అంశంలో వరసగా ఆరు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన తొలి క్రీడాకారుడు గెరెవిచ్. చాలాకాలం ఆ ఘనత అతనొక్కడిదే. పాత పుస్తకాల్లో ఇప్పటికీ అలాగే ఉంటుంది, కానీ దాన్ని సవరించుకోవాలి. అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా టౌరాసి 2004 నుంచి 2024 వరకు వరసగా ఆరు జట్టు స్వర్ణాలు గెలిచింది. జర్మనీ అశ్వికురాలు ఇజబెల్ వెర్త్ డ్రెసాజ్ జట్టు పోటీలో ఏడు స్వర్ణాలు గెలిచింది, వరసగా కాకపోయినా. ఆమె మొదటి స్వర్ణానికీ (1992), 2024 పారిస్ స్వర్ణానికీ ముప్ఫై రెండేళ్ల ఎడం. గెరెవిచ్‌కు జరగని రెండు ఒలింపిక్స్‌ను లెక్కలో వేసుకుంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ రెండింటిలో ఆడేందుకు కాబోష్, పెత్‌షావర్ కూడా ఉండి ఉండేవారు.

ఫెన్సింగ్ లోపల అతన్ని పోల్చదగినవాడు ఇటలీకి చెందిన ఎదోఆర్దో మాంజారోతి. 1936 నుంచి 1960 దాకా ఎపీ, ఫాయిల్ రెండింటిలో కలిపి పదమూడు పతకాలు గెలిచాడు, వాటిలో స్వర్ణాలు ఆరు. మొత్తం పతకాల్లో అతను ముందు, స్వర్ణాల్లో గెరెవిచ్ ముందు. ఇద్దరి ఆటా ఒకే రోమ్‌లో ముగిసింది. సేబర్ వ్యక్తిగత విభాగం వరకే చూస్తే, 2012, 2016, 2020 ఒలింపిక్స్‌లో వరసగా మూడు స్వర్ణాలు గెలిచిన ఆరోన్ సిలాజ్యీ గెరెవిచ్‌ను దాటాడు. అతనూ హంగేరీవాడే.

కుటుంబం, తర్వాతి కాలం

గెరెవిచ్ ఇంట్లో ఒలింపిక్ పతకం కొత్త వస్తువు కాదు. భార్య ఎర్నా బోగెన్ 1932 లాస్ ఏంజెలస్‌లో స్త్రీల ఫాయిల్‌లో కాంస్యం గెలిచింది, అంటే భార్యాభర్తల తొలి పతకాలు ఒకే ఊళ్లో వచ్చినవి. ఆ పోటీలోనే బ్రిటన్ క్రీడాకారిణి జూడీ గిన్నెస్, తనకు తగిలిన దెబ్బలను న్యాయనిర్ణేతలు చూడకపోతే తానే చెప్పి స్వర్ణం వదులుకుంది. కంటిచూపు తీర్పుల కాలంలో అలాంటివీ జరిగేవి. ఎర్నా తండ్రి ఆల్బర్ట్ బోగెన్ 1912 స్టాక్‌హోమ్‌లో ఆస్ట్రియా సేబర్ జట్టులో రజతం గెలిచాడు. ఆ ఏడాది ఆస్ట్రియాను దాటి స్వర్ణం గెలిచిన జట్టు హంగేరీదే. కొడుకు పాల్ గెరెవిచ్ 1948లో, తండ్రి వ్యక్తిగత స్వర్ణం గెలిచిన ఏడాదే, పుట్టాడు. 1972 మ్యూనిక్, 1980 మాస్కో ఒలింపిక్స్‌లలో సేబర్ జట్టు కాంస్యాలు, 1977లో వ్యక్తిగత ప్రపంచ టైటిల్ గెలిచాడు. మూడు తరాలు, మూడూ ఒలింపిక్ పతకాల తరాలే. తండ్రి కాలంలో ఇంటి సొత్తుగా ఉన్న జట్టు స్వర్ణం మాత్రం కొడుకుకు అందలేదు.

పోటీలు మానాక గెరెవిచ్ శిక్షకుడిగా పనిచేశాడు. తాను నేర్చిన బాణీనే నేర్పాడు. ఐతే ఆట ఆ బాణీని వదిలి ముందుకు పోతోంది. పోలండ్, సోవియట్ శిక్షకులు కాళ్ల వేగానికీ శారీరక దార్ఢ్యానికీ పెద్దపీట వేశారు. బాట మీద దూరం ఒక్క గెంతులో తరిగిపోవడం మొదలైంది. 1980ల చివరికి సేబర్‌కూ విద్యుత్ యంత్రం సిద్ధమైంది. లోహపు తీగలు అల్లిన చొక్కా, ముసుగుకు కత్తి ఎక్కడ ఆనినా దీపం వెలుగుతుంది. వేటు శుభ్రంగా కనిపించాలన్న పాత అవసరం దాంతో తీరిపోయింది. ఆ యంత్రంతో సేబర్ ఆడిన తొలి ఒలింపిక్స్ 1992 బార్సిలోనా. గెరెవిచ్ అంతకు ముందు ఏడాది, 1991 మే 14న, బుడాపెస్ట్‌లో మరణించాడు.